పనివాడి చేతికి చేరేదాకా

వాతావరణానికి మేలు చేసే సాంకేతికత సంపన్న దేశాల నుంచి మన దాకా ఎలా వస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది? దాదర్ మిల్లుల నుంచి నాయ్‌గావ్ చాల్ గదుల దాకా, మాటుంగా నుంచి తార్నాక దాకా ఒక శతాబ్దపు ప్రయాణం

1915 ఫిబ్రవరిలో బొంబాయి మిల్లులకు కొండల నుంచి కరెంటు వచ్చింది. అప్పటిదాకా దాదర్, పరేల్, లాల్‌బాగ్‌లలో బాయిలర్లు బొగ్గు మీదే నడిచేవి. ఆ మసి పక్కనే ఉన్న, కార్మికులు ఒక్కో గదిలో కాపురముండే చాల్‌ల మీద, ఆరేసిన బట్టల మీద పడేది. పొగ బాధ ఎంత ముదిరిందంటే 1912లో బొంబాయి ప్రభుత్వం దాని కోసమే ఒక చట్టం చేయాల్సి వచ్చింది. మూడేళ్లకు సహ్యాద్రి మీద కురిసిన వాన నగరానికి వేరే దారి చూపింది. లోనావలా, వల్వణ్, శిరవటా చెరువుల్లో నిలిపిన నీటిని కనుమ అంచు నుంచి 500 మీటర్ల కిందికి, ఖోపోలీకి దించి, అక్కడ పుట్టిన కరెంటును తీగల మీద పరేల్ దాకా తెచ్చారు. నీటి చక్రాలు స్విట్జర్లాండ్‌వి, గొట్టాలు జర్మనీవి. జంషెట్జీ టాటా కన్న కల అది. ఆయన 1904లో కన్నుమూస్తే కొడుకు దొరాబ్జీ దాన్ని పూర్తి చేశారు.

వాతావరణ మార్పు అన్న మాట ఎవరి నోటా లేని రోజులవి. అయినా ఈ రోజు ఐక్యరాజ్యసమితి సభల్లో దేశాలు దేని కోసం వాదులాడుకుంటున్నాయో సరిగ్గా అదే అప్పుడు ఇక్కడ జరిగింది. బొగ్గు తగ్గించే సాంకేతికత ఐరోపా నుంచి ఓడల్లో వచ్చి ఒక వలస దేశపు కార్మిక వాడలో పనిలోకి దిగింది. టాటాల ఖోపోలీ, భివ్‌పురీ, భిరా కేంద్రాలు మూడూ ఇప్పటికీ నడుస్తున్నాయి. మూడింటి సామర్థ్యం కలిపి 447 మెగావాట్లు. దాదర్‌లో ఈ రాత్రి వెలిగే దీపాల్లో ఆ నీటి వాటా కొంత ఉంది.

ఆ కరెంటుతో తిరిగిన మగ్గాల ముందు నిలబడ్డవాళ్లలో మనవాళ్లు ఎందరో. ఈ నగరంలో తెలుగువాళ్ల చరిత్ర మిల్లుల కంటే పాతది. 18వ శతాబ్దం చివర, నగరంలోకి వచ్చే సముద్రపు నీటికి అడ్డంగా హార్న్‌బీ కట్ట పడ్డాక తేరిన పల్లపు నేలలో, నిజాం రాజ్యం నుంచి వచ్చిన కామాఠీలు గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల పేరుతోనే ఆ చోటు కామాఠీపుర అయింది. రాయి మోసి, సున్నం కలిపి ఈ నగరాన్ని కట్టింది వాళ్లు. జోతీరావు ఫూలే సత్యశోధక సమాజానికి బొంబాయిలో అండగా నిలిచిన రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు లాంటి పెద్దలు ఆ కామాఠీలలోంచే వచ్చారు. తర్వాత మిల్లులు పెరిగేకొద్దీ కరీంనగర్, నల్లగొండ, వరంగల్ వైపు నుంచి పద్మశాలీలు వచ్చారు. వర్లీ, నాయ్‌గావ్, దాదర్ చాల్‌లలో దిగారు. గుంట మగ్గం మీద కూర్చుని పెరిగిన మనుషులు కరెంటు మగ్గం ముందు నిలబడి పని నేర్చుకున్నారు. నేర్పింది బడి కాదు, జాబర్ అని పిలిచే మిల్లు మేస్త్రీ. మగ్గం ఎక్కడ తడబడుతుందో, దారం ఎందుకు తెగుతుందో ఆ నడవల్లోనే, ఆ చప్పుడులోనే చెవికి, వేలికి తెలిసింది.

ఈ కథనం చెప్పదలచుకున్నది ఆ వేళ్ల గురించే. సాంకేతికత బదిలీ అనగానే ఒప్పందాలు, పేటెంట్లు, డాలర్లు గుర్తుకొస్తాయి. అవన్నీ కావాలి. కానీ యంత్రం చెడిపోయిన రోజున దాన్ని విప్పి బాగుచేయగల మనిషి ఆ వీధిలో ఉన్నప్పుడే ఆ బదిలీ పూర్తయినట్టు. అంతవరకూ అది కొన్న సామాను మాత్రమే.

వాన ఎవరిది, కరెంటు ఎవరికి

1915ను మెచ్చుకుని ఊరుకుంటే అన్యాయం అవుతుంది. టాటాల మూడో పథకం కోసం ముళశీ దగ్గర ఆనకట్ట తలపెట్టినప్పుడు మావళ రైతుల పొలాలు, ఊళ్లు నీళ్ల పాలయ్యాయి. 1921లో సేనాపతి బాపట్ నాయకత్వంలో వాళ్లు సత్యాగ్రహం చేశారు. ఆనకట్టకు వ్యతిరేకంగా ప్రపంచంలో జరిగిన తొలి పోరాటాల్లో దాన్ని లెక్కిస్తారు. మూడేళ్లు పోరాడారు, ఓడిపోయారు, ఆనకట్ట కట్టారు. మిల్లుల పొగ తగ్గింది. మావళుల ఇళ్లు మునిగాయి. మంచి సాంకేతికతకూ ఎవరో ఒకరు ధర చెల్లిస్తారని, ఆ చెల్లించేవాళ్లను ముందుగా ఎవరూ అడగరని ముళశీ వందేళ్ల కిందటే చూపించింది.

తెలుగువాళ్లకు ఇందులో ఇంకో లెక్క ఉంది. లోనావలా, ముళశీ చెరువుల నీళ్లు సహజంగా పారితే తూర్పుకే పారతాయి. ఇంద్రాయణి, ముళా నదుల్లోంచి భీమలో, భీమలోంచి పాలమూరు సరిహద్దు దగ్గర కృష్ణలో కలుస్తాయి. వాటిని పడమటికి తిప్పి కొంకణంలోకి దించితేనే ఖోపోలీలో, భిరాలో కరెంటు. ఆ కృష్ణ పక్కనే ఉండి కూడా నీళ్లు లేక పాలమూరు జనం ముంబైకి లేబరు పనికి వచ్చారు. ఆ ఒక్క మళ్లింపే వాళ్ల కరువుకు కారణమని అనలేం, పాలమూరు కరువుకు వేర్లు చాలా ఉన్నాయి. కానీ తట్ట మోయడానికి దాదర్ స్టేషన్లో దిగిన మనిషి, అతని ఊరి వైపు పారాల్సిన కొంత నీరు, రెండూ ఒకే నగరానికి చేరాయన్నది నిజం.

అసలు యంత్రాలు మన దాకా రావడమే ఎప్పుడూ తేలిగ్గా జరగలేదు. 1843 దాకా బ్రిటన్ తన బట్టల యంత్రాలను బయటి దేశాలకు అమ్మకుండా చట్టంతోనే అడ్డుకుంది. ఆ ఆంక్ష పోయాక 1854లో కావస్‌జీ నానాభాయ్ దావర్ బొంబాయిలో తొలి మిల్లు పెట్టగలిగాడు. యంత్రాలు లాంకషైర్ నుంచి వచ్చాయి, వాటిని నడిపే ఇంజనీర్లు కూడా అక్కడి నుంచే. ఆ పని మనవాళ్లకు నేర్పడానికి 1887లో విక్టోరియా జూబిలీ సాంకేతిక సంస్థ పుట్టింది. నేటి వీజేటీఐ అదే. 1923లో అది మాటుంగాకు, అంటే దాదర్ పక్కకు వచ్చింది. తొలి మిల్లుకూ తొలి సాంకేతిక విద్యాలయానికీ మధ్య ముప్పై మూడేళ్లు గడిచాయి. యంత్రం ముందు వస్తుంది, దాని చదువు ఒక తరం ఆలస్యంగా వస్తుంది. ఆ ఆలస్యానికి మూల్యం ఎప్పుడూ పనివాళ్లే కడతారు.

చల్లదనానికి తాళం

ఇప్పుడు నూరేళ్లు ముందుకు రండి. నాయ్‌గావ్ బీడీడీ (బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్) చాల్‌లో ఒక్కో గది 160 చదరపు అడుగులు. మే నెలలో ఉక్క రాత్రి పన్నెండు దాటినా దిగదు. సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒంటి వేడి తగ్గదు. వాతావరణ మార్పు గురించి చాల్‌లో ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. వానాకాలంలో హిందమాతా కూడలి దగ్గర మోకాళ్ల లోతు నీళ్లు, ఎండాకాలంలో నిద్రలేని రాత్రులు వాళ్లకు చెబుతూనే ఉన్నాయి. అందుకే అప్పో సొప్పో చేసి ఏసీ పెట్టిస్తున్నారు. పసిపిల్ల, ముసలి తల్లి ఉన్న గదిలో అది విలాసం కాదు.

ఫ్రిజ్, ఏసీ చల్లబరిచేది లోపల తిరిగే వాయువుతో. ఆ వాయువు కథ సాంకేతికత బదిలీ గురించి చాలా వివరంగా నమోదైన కథల్లో ఒకటి. మొదట వాడింది క్లోరోఫ్లోరోకార్బన్‌లను (సీఎఫ్‌సీ). అవి ఓజోన్ పొరను తినేస్తున్నాయని తేలాక 1987లో మాంట్రియల్‌లో ఒప్పందం కుదిరింది. భారత్ వెంటనే చేరలేదు. ఇన్నేళ్లూ ఆ వాయువులను విచ్చలవిడిగా వాడింది సంపన్న దేశాలు, వాటికి బదులు వచ్చే పదార్థాల పేటెంట్లు ఉన్నదీ అక్కడి కంపెనీల దగ్గరే. మేం మానేస్తే కొత్తవి ఎవరిస్తారు, ఎంతకిస్తారు? 1990లో లండన్ సమావేశంలో అప్పటి పర్యావరణ మంత్రి మేనకా గాంధీ ఈ ప్రశ్న మీదే గట్టిగా నిలబడ్డారు. చైనాదీ అదే వాదన. ఆ పట్టుదల ఫలించింది. మారడానికి అయ్యే అదనపు ఖర్చు భరించేందుకు బహుపాక్షిక నిధి ఏర్పడింది, సాంకేతికతను న్యాయమైన షరతులతో ఇవ్వాలన్న నిబంధన ఒప్పందంలో చేరింది. 1992లో భారత్ అందులో చేరింది. ఆ నిధి నుంచి ఇప్పటిదాకా 400 కోట్ల డాలర్లకు పైగా మంజూరైంది.

నిబంధన రాసినంత మాత్రాన తాళం ఊడిరాలేదు. ఫ్రిజ్‌లకు అప్పట్లో ప్రత్యామ్నాయంగా వచ్చినది హెచ్‌ఎఫ్‌సీ-134ఏ. దాన్ని తయారుచేసే పరిజ్ఞానం కోసం భారతీయ కంపెనీలు విదేశీ సంస్థలను అడిగాయి. వాళ్లు చెప్పిన ధర రెండున్నర కోట్ల డాలర్లు. పైగా మెజారిటీ వాటా తమకివ్వాలి, లేదా ఎగుమతులు చేయకూడదు. జయశ్రీ వతల్ ఈ బేరాల గురించి చేసిన అధ్యయనాన్ని సాంకేతికత బదిలీ గురించి రాసేవాళ్లు ఇప్పటికీ చదువుతారు. ఆ వాయువు అణువు రహస్యమేమీ కాదు. దాన్ని చవగ్గా, పెద్ద ఎత్తున తయారుచేసే ఉత్ప్రేరకం, ఆ పద్ధతి రహస్యం.

ఆ రహస్యాన్ని వేరే దారిలో ఛేదించే పని హైదరాబాద్ తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ) తలకెత్తుకుంది. అప్పుడు ఆ సంస్థ డైరెక్టర్ డాక్టర్ ఏ.వి. రామారావు. గుంటూరులో పుట్టిన ఆయన రసాయన సాంకేతికత చదువుకున్నది మాటుంగాలోనే, బొంబాయి విశ్వవిద్యాలయం 1933లో మొదలుపెట్టిన యూడీసీటీలో. దాదర్ నుంచి నడిచి వెళ్లగల దూరం అది. తార్నాక ప్రయోగశాలలో ఫ్లోరిన్ రసాయనాలకు సొంత ఉత్ప్రేరకాలు తయారయ్యాయి, వాటికి పేటెంట్లూ వచ్చాయి. ఎస్‌ఆర్‌ఎఫ్ సంస్థ కూడా దేశీయ పద్ధతితోనే తర్వాత హెచ్‌ఎఫ్‌సీ-134ఏ ఉత్పత్తికి దిగింది.

ఇదే రామారావు ఎయిడ్స్ మందు జిడోవుడిన్‌ను చవకగా చేసే పద్ధతిని సిప్లాకు అందించారు. 1993లో సిప్లా దాన్ని మార్కెట్లోకి తెచ్చింది. సిప్లా పాత ప్రధాన కార్యాలయం కామాఠీపుర అంచున సాగే బెలాసిస్ రోడ్డు మీదే ఉండేది. ఆ జబ్బుకు దేశంలో అందరికంటే ఎక్కువగా బలైన వాడల్లో కామాఠీపుర ఒకటి. తార్నాకలో పుట్టిన పద్ధతి ఆ గల్లీల పక్కన మందు బిళ్లగా మారడం నాకు చిన్న విషయంగా కనిపించదు. 1970 నాటి మన పేటెంటు చట్టం మందు మీద కాక తయారీ పద్ధతి మీదే హక్కు ఇచ్చేది కాబట్టి అది సాధ్యమైంది. 2005 నుంచి ఆ వెసులుబాటు పోయింది. ప్రజల ఆరోగ్యం కోసం పేటెంట్లను పక్కన పెట్టవచ్చని 2001లో దోహాలో ప్రపంచ వాణిజ్య సంస్థ సభ్య దేశాలన్నీ ఒప్పుకున్నాయి. వాతావరణం విషయంలో అలాంటి ప్రకటన చేద్దామని భారత్ అడుగుతూనే ఉంది, ఈ రోజుకూ అది రాలేదు.

హెచ్‌ఎఫ్‌సీ-134ఏ కథ అంతటితో ముగిసి ఉంటే సంతోషంగా ఉండేది. ఓజోన్‌కు అది హాని చేయదు, నిజమే. కానీ భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే 1,430 రెట్లు బలమైనది. ఇంత కష్టపడి సంపాదించిన పరిజ్ఞానాన్ని మళ్లీ వదులుకోవాలని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాలన్నీ నిర్ణయించాయి. భారత్ 2021లో ఆమోదించింది. ఈ కుటుంబపు వాయువుల మన వాడకం 2028లో ఒక స్థాయి దగ్గర ఆగాలి, 2047 నాటికి 85 శాతం తగ్గాలి. ఒక తప్పుదారి సాంకేతికతను ఖరీదైన ధరకు అమ్మజూపి, పాతికేళ్లకు దాన్నే మానేయమన్నారు. దీన్ని మరచిపోయి కొత్త బేరానికి కూర్చోకూడదు.

ఎవరూ తాళం వేయని ఫ్రిజ్

ఇంకో దారి అప్పటికే ఉంది. 1992లో ఒకప్పటి తూర్పు జర్మనీలో మూతపడబోతున్న ఒక ఫ్రిజ్‌ల ఫ్యాక్టరీ, గ్రీన్‌పీస్ కార్యకర్తలు, డార్ట్‌మండ్‌కు చెందిన ఇద్దరు వైద్యులు కలిసి ఒక ఫ్రిజ్ చేశారు. అందులో వాడింది ప్రొపేన్, బ్యూటేన్, అంటే మన వంట గ్యాస్ బండలో ఉండేవే. ఓజోన్‌కు హాని లేదు, వేడెక్కించే గుణం నామమాత్రం. పెద్ద కంపెనీలు మొదట పేలుతుందని భయపెట్టాయి. ఫ్రిజ్‌లో పట్టేది కొన్ని పదుల గ్రాములే. దానికి పేటెంటు తీసుకోలేదు. ఎవరైనా చేసుకోమని పరిజ్ఞానాన్ని బహిరంగం చేశారు. ఈ రోజు ప్రపంచంలో కొత్తగా తయారయ్యే ఇంటి ఫ్రిజ్‌లలో అత్యధికం ఆ కుటుంబం వాయువులతోనే నడుస్తున్నాయి.

ఆ పరిజ్ఞానం మన దేశంలో దిగిన చోటుకు దాదర్ నుంచి సెంట్రల్ లైన్ స్లో లోకల్ ఎక్కితే అరగంటలో చేరతాం. అది విక్రోలీ. స్విస్, జర్మన్ ప్రభుత్వ సంస్థల సాయంతో, ఐఐటీ ఢిల్లీ తోడుగా 1990లలో సాగిన ఎకోఫ్రిజ్ పథకంలో అక్కడి గోద్రెజ్ చేరింది. 2001 నాటికి తన ఫ్రిజ్‌లన్నిటినీ హైడ్రోకార్బన్‌లకు మార్చింది. తర్వాత జర్మన్ ప్రభుత్వ వాతావరణ నిధి, ఆ దేశ సహకార సంస్థ జీఐజడ్ సాంకేతిక సాయంతో సాతారా జిల్లా శిర్వల్‌లో ప్రొపేన్‌తో నడిచే ఏసీలు చేసి 2012లో మార్కెట్లో పెట్టింది. పాత ఏసీల్లోని ఆర్-22 వాయువు వేడెక్కించే బలం 1,810. దాని తర్వాత వచ్చిన ఆర్-410ఏది 2,088. ప్రొపేన్‌ది మూడు చుట్టూ. పైగా కరెంటు కూడా తక్కువ తాగింది.

నాకు ఈ కథలో అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది అంకె కాదు. జర్మన్లు యంత్రాలిచ్చి వెళ్లిపోలేదు. ఉత్పత్తి లైన్‌లో లీకు ఎక్కడ పసిగట్టాలి, ఫ్యాక్టరీలో గాలి ఎలా ఆడాలి, ఇంట్లో బిగించే మనిషికి ఏం నేర్పాలి అన్నవి కూడా కలిసి కూర్చుని తయారుచేశారు. బిగించేవాళ్లకు శిక్షణ ఇచ్చాకే అమ్మకాలు సాగాయి. అలాంటి బదిలీలు పదో ఇరవయ్యో ఉన్నా ఈ పాటికి మన పరిస్థితి వేరుగా ఉండేది.

జపాన్ కంపెనీ డైకిన్ మరో దారి పట్టింది. ఆర్-32 వాయువు ఏసీలకు సంబంధించిన 93 పేటెంట్లను 2011లో వర్ధమాన దేశాలకు, 2015లో ప్రపంచమంతటికీ ఉచితంగా వదిలింది. అందుకే ఇప్పుడు మన మార్కెట్లో దాదాపు ఏ కంపెనీ ఏసీ చూసినా ఆర్-32 అని రాసి ఉంటుంది. డైకిన్ తన కొత్త ఫ్యాక్టరీని 2023లో తిరుపతి జిల్లా శ్రీసిటీలో తెరిచింది. ఇతర ఏసీ కంపెనీలూ అక్కడికి వచ్చాయి. ఒకప్పుడు పని కోసం ముంబై దాకా వచ్చిన తెలుగువాళ్లకు ఆ ఏసీలు తయారుచేసే పని ఇప్పుడు తెలుగు నేల మీదే దొరుకుతోంది. అది గర్వించదగ్గదే. అయితే ఆర్-32 వేడెక్కించే బలం 675. పాతవాటిలో మూడో వంతు, ప్రొపేన్‌కు రెండు వందల రెట్లకు పైనే. అది మధ్యలో దిగే స్టేషను. పేటెంటు వదులుకోవడం మంచి పనే, కంపెనీకి మార్కెట్ కూడా తెచ్చిన పని. ఉచితంగా దొరికిన దారే చివరి దారి అనుకుంటే మళ్లీ 134ఏ దగ్గర నిలబడతాం.

గ్యాస్ కొట్టే చెయ్యి

ఏసీ మెకానిక్ చాల్‌కు ఎలా వస్తాడో ముంబైలో అందరికీ తెలుసు. భుజాన సంచి, చేతిలో గ్యాస్ సిలిండర్, చిన్న టార్చి. మూడో అంతస్తు దాకా మోసుకుని ఎక్కుతాడు. కంప్రెసర్ మీద చెయ్యి వేసి, రాగి గొట్టం తడిమి, నాడి పట్టిన వైద్యుడిలా జబ్బు చెప్పేస్తాడు. సబ్బు నురగ రాసి లీకు పట్టుకుంటాడు. ఆపైన చాలాచోట్ల జరిగేది ఒకటే. లోపల మిగిలిన పాత గ్యాస్‌ను గాల్లోకి వదిలేసి, అతుకు వేసి, కొత్తది కొడతాడు. ఆర్-22 ఒక కిలో అలా వదిలితే దాదాపు 1.8 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వదిలినట్టు. ఆ గ్యాస్‌ను లాగి సిలిండర్‌లో పట్టే యంత్రం ఉంది. దాని ఖరీదు, దాని బరువు, దాన్ని వాడితే అదనంగా పట్టే గంట సేపు, ఈ మూడూ ఆ మెకానిక్ ఒక్కడే భరించాలి. ఇంటివాళ్లు ఆ గంటకు డబ్బివ్వరు. అతన్ని తప్పుపట్టే హక్కు నాకు లేదు. మాంట్రియల్, కిగాలీ, పారిస్‌లలో సంతకాలు పెట్టిన దేశాలన్నీ కలిసి అతని భుజాన మోపిన బరువు అది.

కొత్త వాయువులతో ఇంకో చిక్కు. ప్రొపేన్ మండుతుంది, ఆర్-32 కూడా కొద్దిగా మండుతుంది. పాత అలవాటుతో గొట్టం విప్పి అక్కడే టార్చి వెలిగిస్తే ప్రాణం మీదికి వస్తుంది. అతుకులు మంట లేకుండా నొక్కి బిగించాలి, ముందు లోపలి వాయువును పూర్తిగా తీసెయ్యాలి, కిటికీ తెరిచి ఉంచాలి. గది ఎంత చిన్నదైతే ఏసీలో అనుమతించే ప్రొపేన్ అంత తక్కువ. అంతర్జాతీయ భద్రతా ప్రమాణాల్లో ఈ లెక్క గది వైశాల్యాన్ని బట్టే ఉంటుంది. 160 చదరపు అడుగుల చాల్ గదిలో, పక్కనే గ్యాస్ పొయ్యి, దేవుడి దగ్గర దీపం ఉన్న గదిలో ఆ లెక్క ఇంకా బిగుసుకుంటుంది. స్టట్‌గార్ట్‌లోనో ఒసాకాలోనో ప్రమాణాలు రాసినవాళ్ల కళ్ల ముందు ఇలాంటి గది ఉందా? ఆ బల్ల దగ్గర మన మనిషి కూర్చోవాలని అడగడం కూడా సాంకేతికత బదిలీలో భాగమే.

ఈ పని ఇదివరకు జరగలేదని కాదు. 1990ల చివర్లో స్విస్, జర్మన్ సాయంతో హైడికోర్ పేరుతో చిన్న వర్క్‌షాపుల మెకానిక్‌లకు శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత సీఎఫ్‌సీల నిర్మూలన పథకం కింద దేశమంతటా వేల మందికి నేర్పారు. మన దేశం ఆ వాయువుల ఉత్పత్తిని గడువు కంటే ముందే 2008లో ఆపగలిగిందంటే ఆ మెకానిక్‌ల పాత్ర తక్కువేమీ కాదు. 2019 మార్చిలో వచ్చిన భారత శీతలీకరణ కార్యాచరణ ప్రణాళిక ఇంకో లక్ష మందికి శిక్షణ ఇస్తామంది. అదే ప్రణాళిక 2037-38 నాటికి దేశంలో చల్లదనం అవసరం ఎనిమిది రెట్లవుతుందని లెక్కగట్టింది. ఎనిమిది రెట్ల పనికి లక్ష మంది ఏ మూలకు?

సాంకేతికత అందకపోతే ఏం జరుగుతుందో మన నేతగాళ్లకు బాగా తెలుసు. 1982 జనవరి 18న కార్మిక నాయకుడు దత్తా సామంత్ పిలుపుతో రెండున్నర లక్షల మిల్లు కార్మికులు సమ్మెకు దిగారు. మిల్లులు మళ్లీ మునుపటిలా తెరుచుకోలేదు. పని పోయిన పద్మశాలీల్లో కొందరు భివండీకి, కొందరు సిరిసిల్లకు వెళ్లారు. మిల్లులు వద్దనుకున్న పాత మగ్గాలు కూడా అటే వెళ్లాయి. కొత్త మగ్గం కొనే స్తోమత లేనివాడికి పాతదే దిక్కు. కరెంటు ఎక్కువ, చప్పుడు ఎక్కువ, కూలి తక్కువ. సిరిసిల్ల నేతన్నల ఆత్మహత్యల వెనక ఉన్న అనేక కారణాల్లో ఆ కాలం చెల్లిన మగ్గం కూడా ఒకటి. సంపన్నులు వదిలేసిన యంత్రానికి ఏ సరిహద్దూ అడ్డురాదు, ఎవరూ పేటెంటు అడగరు. ఏసీల విషయంలోనూ అదే మొదలైంది. దక్షిణ ముంబై ఇళ్లలో తీసేసిన పాత విండో ఏసీలు చాల్ గదుల్లో తేలుతున్నాయి. కొన్నప్పుడు చవక, ప్రతి నెలా కరెంటు బిల్లులో ఖరీదు.

టవర్లు లేస్తున్న వేళ

ఈ మాటలు ఇప్పుడే రాయడానికి కారణం ఉంది. 1920లలో బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ కట్టిన 207 చాల్‌లను పడగొట్టి టవర్లు కడుతున్నారు. 2025 ఆగస్టులో వర్లీలో తొలి 556 కుటుంబాలకు 500 చదరపు అడుగుల ఇళ్ల తాళాలు ఇచ్చారు. నాయ్‌గావ్‌లో పని నడుస్తోంది. కామాఠీపుర పునర్నిర్మాణానికి రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ మాడా ప్రణాళిక కదులుతోంది. ఏళ్ల తరబడి ఉమ్మడి మరుగుదొడ్ల ముందు వరస కట్టిన కుటుంబాలకు సొంత బాత్రూం ఉన్న ఇల్లు రావడం చాలా పెద్ద సంగతి. దాన్ని ఎవరూ తక్కువ చేయకూడదు.

కానీ బీడీడీ చాల్‌లో ఎత్తయిన కప్పు, పొడుగాటి నడవా ఉండేవి. కొత్త టవర్లు ఒకదానికొకటి దగ్గరగా లేస్తున్నాయి. గాలి తగ్గిన చోట ప్రతి ఇంటికీ ఏసీ తప్పనిసరి అవుతుంది. ఒక్కో టవర్‌లో వందల ఏసీలంటే, వాటి వెనకనుంచి వచ్చే వేడి గాలి పై అంతస్తు కిటికీలోకే పోతుంది. నీడ పడేలా కిటికీల మీద చూరులు, తెల్లని పూత వేసిన పైకప్పులు, తక్కువ కరెంటు తాగే మంచి ఫ్యాన్లు, ఆ తర్వాతే ఏసీ. ఈ వరస పాటిస్తే సగం భారం దిగుతుంది. ఇందులో విదేశాల నుంచి రావలసింది దాదాపు ఏమీ లేదు. తెలంగాణ ప్రభుత్వం 2023లో దేశంలోనే తొలి చల్లని పైకప్పుల విధానం తెచ్చింది. అయిదేళ్లలో 300 చదరపు కిలోమీటర్ల పైకప్పులకు పూత వేయాలన్నది దాని లక్ష్యం. లక్ష్యం ఎంత నెరవేరుతుందో అమలును బట్టి ఉంటుంది. అయినా మహారాష్ట్ర తెలంగాణ నుంచి తెచ్చుకోగల పరిజ్ఞానం ఇది. బదిలీ ఎప్పుడూ ఉత్తరం నుంచి దక్షిణానికి, తెల్లవాళ్ల నుంచి మనకే జరగాలని ఎక్కడా లేదు.

ఏసీలు వచ్చే చోట మాత్రం మంచివి రావాలి. మాడా ఒకేసారి వేల ఇళ్లు ఇస్తోంది. ఆ ఇళ్లవాళ్లంతా కలిసి సొసైటీల తరఫున ఒక్కసారే, తక్కువ హాని చేసే వాయువుతో, అయిదు నక్షత్రాల ఏసీలు కొంటే ధర దిగుతుంది. పాత ఏసీని తిరిగి తీసుకుని అందులోని గ్యాస్‌ను పట్టి నాశనం చేసే షరతు కూడా ఆ బేరంలోనే పెట్టొచ్చు. బహుపాక్షిక నిధి నియమాల్లో ఇలాంటి సేవా రంగపు ఖర్చులకు చోటుంది. ఢిల్లీలోని ఓజోన్ విభాగం దాకా ఈ విన్నపం వెళ్లాలంటే ముందు దాదర్‌లో ఎవరో ఒకరు కాగితం మీద పెట్టాలి.

మెకానిక్‌ల సంగతి ఇంకా దగ్గరిది. ముంబై నగరపాలిక బడుల్లో ఎనిమిది భాషల్లో పాఠాలు చెబుతారు, అందులో తెలుగు ఒకటి. అలాంటి నగరంలో మండే వాయువులతో పనిచేసే మనిషికి తెలుగులో, మరాఠీలో, హిందీలో భద్రతా పాఠం ఉండాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. శిక్షణ రోజులకు కూలి ఇవ్వాలి. లేకపోతే రోజు పని మానుకుని ఎవరూ రారు. గ్యాస్ లాగే యంత్రాలు ఒక్కొక్కరూ కొనలేరు కాబట్టి వాడకో కేంద్రంలో అద్దెకు దొరకాలి. దాదర్‌లో ఆంధ్ర మహాసభ హాలు ఉంది, కామాఠీపురలో, వర్లీలో పద్మశాలీ సంఘాలు ఉన్నాయి. పెళ్లిళ్లకు, ఉగాది కవి సమ్మేళనాలకు ఇచ్చే ఆ గదులను ఆదివారాలు మెకానిక్‌ల తరగతులకు ఇవ్వొచ్చు. వీజేటీఐ, పాత యూడీసీటీ అయిన ఐసీటీ పక్క వీధుల్లోనే ఉన్నాయి, నేర్పగలవాళ్లకు కొరత లేదు. నాయ్‌గావ్ టవర్ల తాళాలు చేతికొచ్చే లోపు ఆ తరగతులు మొదలవ్వాలి. ఆ ఇళ్ల ఏసీలకు మొదటిసారి గ్యాస్ కొట్టే రోజుకు, కొట్టే మనిషికి పని తెలిసి ఉండాలి.